కునుకు వారి ఇష్తిరాక్

బేరూత్,
మార్చి 11

వదాద్ పెద్దమ్మకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావని అడగను. నాలుగో అంతస్తు మెట్లెక్కి ఆయాసపడుతూ కూడా బ్రహ్మాండంగా ఉన్నానని రాసే మనిషివి నువ్వు. ఫోన్‌లో మాట్లాడదామంటే నాలుగు మాటలకే లైను పోతుంది, పైగా ఫోన్ పట్టుకుంటే నువ్వు అరుస్తావు. కాగితం మీద నెమ్మదిగా ఉంటావు. హబీబ్ వ్యానులో ఈ ఉత్తరంతో పాటు నీ బీపీ మాత్రలు పంపుతున్నాను.

నువ్వు నాకొక పని చేసిపెట్టాలి. ఏడాదిన్నరగా నేను ఈ-మెయిల్లో 'కునుకు' అని వారం వారం రాస్తున్నాను కదా. భోజనాలయ్యాక ఊరంతా కిటికీ రెక్కలు మూసుకుని పడుకునే వేళ, కళ్ళు మూతలు పడీపడనప్పుడు కనిపించేవన్నీ అందులో రాస్తాను. గురువారం గురువారం ఆ వేళకే పంపుతాను. మొన్నటిదాంట్లో నా గది గురించి రాశాను. రెక్కల సందులోంచి వచ్చే వెలుతురు కింద వీధిని తలకిందులు చేసి పైకప్పు మీద పరుస్తుంది. కార్లు చప్పుడు లేకుండా కప్పు మీద పోతుంటాయి. కూరగాయల బండివాడు తలకిందులుగా నిలబడి ఎవరితోనో బేరమాడుతుంటాడు. ఆ వీధిలో నేను కూడా ఎక్కడైనా నడుస్తున్నానేమోనని పడుకుని వెతుక్కుంటాను.

రాయడానికేం, బాగానే సాగుతోంది. చదివేవాళ్ళే లేరు. ఉన్న కాసిని మందిలో సగం నా స్నేహితులే, మొహమాటానికి చేరారు. ఎవరు తెరిచారో ఎవరు తెరవలేదో నాకు తెర మీద కనిపిస్తుందని పాపం వాళ్ళకి తెలీదు. ఎదురుపడితే మాత్రం భలే రాశావని మెచ్చుకుంటారు.

దుబాయిలో ఒక అత్తర్ల కంపెనీ వాళ్ళు రమ్మంటున్నారు. సీసాల మీదకీ ప్రకటనలకీ మాటలు రాసివ్వాలి. జీతం డాలర్లలో. జూన్ ఆఖరుకల్లా ఏ సంగతో చెప్పమన్నారు. నాకు నేనే ఒక గీత గీసుకున్నాను. అప్పటికి వెయ్యిమంది పాఠకులుంటే ఇక్కడే ఉండి రాసుకుంటాను, లేకపోతే 'కునుకు' ఆపేసి వెళ్ళిపోతాను. అక్కడికి వెళ్ళాక ఇది రాయడం నా వల్ల కాదు. పొద్దస్తమానం అత్తరు గురించి రాసిన దాన్ని మధ్యాహ్నం ఏ కల పలకరిస్తుంది?

కాబట్టి మన వీధివాళ్ళందరికీ చెప్పు పెద్దమ్మా. లింకు పంపుతాను, పాత ఉత్తరాలన్నీ కూడా అందులోనే ఉంటాయి. దాని అడుగున చందాదారుగా చేరడానికి 'ఇష్తిరాక్' అని బటన్ ఉంటుంది. అది నొక్కి పేరూ మెయిలూ ఇచ్చి చేరితే చాలు, వారం వారం నా ఉత్తరం వాళ్ళ ఫోన్‌కి వచ్చేస్తుంది. ఒక్క లీరా కట్టక్కర్లేదు. మా జుమానా ఉచితంగా ఇష్తిరాక్ ఇస్తోంది, తీసుకోండి అను. నీ మాట కాదనే ధైర్యం ఎవరికుంది?

నీ జుమానా


అల్-మీనా,
మార్చి 26

అమ్మా జుమానా,

మాత్రలు చేరాయి. హబీబ్ కాఫీ తాగుతూ నువ్వు చిక్కిపోయావన్నాడు. వాడి మాటకేం గానీ, కిబ్బె చేసి వాడి చేతికే ఇస్తున్నాను. దారిలో వాడు తినేయకుండా డబ్బాని గుడ్డలో పెట్టి కుట్టేశాను.

నీ పని అయిపోయింది. జుట్టుకు రంగు వేయించుకుందామని సుఆద్ సెలూన్‌కి వెళ్ళాను. సర్కారు కరెంటు ఎలాగూ రాదు. నెలనెలా డబ్బు పోసి అబూ రషాద్ జనరేటరు లైను తీసుకుంటే, ఆ మహానుభావుడు డీజిలు ఆదా అని రెండింటి నుంచి నాలుగింటిదాకా మోటారు కట్టేస్తున్నాడు. తల సగం కడిగించుకున్న ఆడవాళ్ళంతా నీళ్ళు కారుతూ కూర్చుని వాణ్ణి శాపనార్థాలు పెడుతున్నారు. సందు చూసుకుని, మా జుమానా ఇష్తిరాక్ ఇస్తోంది, ఉచితం అన్నాను. తడితలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి.

పేరేమిటని అడిగారు. 'కునుకు' అన్నాను. పేరు వింటుంటేనే చల్లగా ఉందంది సుఆద్. ఎప్పటినుంచి మొదలంటే, నొక్కినవాళ్ళకి నొక్కిన వారం నుంచే అన్నాను. సుఆద్ కూతురు అక్కడికక్కడే లింకును ఊళ్ళో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ ఎక్కించింది. నేను ఇల్లు చేరేసరికి మెట్ల మీద జనం నాకోసం కాచుకుని ఉన్నారు. రెండో అంతస్తు ఓడెట్, నీళ్ళ ట్యాంకు దగ్గర గొడవైనప్పటి నుంచి నా మొహం చూడనిది, తలుపు తీసి తనకీ ఇప్పిస్తావా అని అడిగింది. అందరికీ ఇస్తుంది, నీకెందుకివ్వదు అన్నాను. మనవాళ్ళు పేపరును చేపలు చుట్టడానికి తప్ప ముట్టరనుకున్నాను ఇన్నాళ్ళూ. చదువంటే ఇంత మోజుందని నాకు తెలీదు.

దుబాయి సంగతి నన్నడగలేదు కాబట్టి నేను చెప్పను. పెద్దమ్మ ఆపిందన్న మాట నాకొద్దు.

నన్ను మట్టిలో పెట్టాల్సినదానివి నువ్వే, గుర్తుంచుకో.

పెద్దమ్మ


బేరూత్,
ఏప్రిల్ 8

పెద్దమ్మా, మా బంగారు పెద్దమ్మా,

వెయ్యి దాటింది. దాటి ఇంకా పోతోంది. పొద్దున్నే లేచి తెర చూసుకుంటాను, అల్-మీనా నుంచి కొత్త పేర్లు వచ్చి ఉంటాయి. చేపలవాళ్ళు, మిఠాయి కొట్టువాళ్ళు, ఆఖరికి చర్చి పాస్టరుగారు కూడా. పంపిన గంటలోపే అందరూ తెరుస్తున్నారు, పెద్దమ్మా.

పోయిన వారం మన ఊరి ఎదురుగా సముద్రంలో ఉన్న దీవుల గురించి రాశాను. అందరూ పడుకున్నాక అవి మెల్లగా ఒడ్డుకు జరిగి, మనం నిద్రపోయామో లేదో తొంగిచూసి, ఎవరింట్లోనో కాఫీ పొంగే వేళకి గబగబా తమ చోటికి వెళ్ళిపోతాయని. చిన్నప్పుడు నీ ఇంటి బాల్కనీలోంచి నేను నిజంగానే చూశాను, ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు ఊరు ఊరంతా నమ్మింది. ఒక ఉత్తరానికి ఇన్ని జవాబులు నాకెప్పుడూ రాలేదు. "అవి ఒడ్డుకు చేరేదెప్పుడు?" అని ఎంతమంది అడిగారో.

ఎంత లోతైన పాఠకులో వీళ్ళు. ఒకాయన ఒకే ఒక్క వాక్యం రాశాడు, "ఎన్ని ఆంపియర్లు ఇస్తారు?" అని. రోజంతా దాని గురించే ఆలోచించాను. ఒక మనిషికి ఎంత వెలుతురు చాలు, ఎంతైతే ఎక్కువ? ఆ ప్రశ్న మీదే ఈ వారం ఉత్తరం రాశాను. ఇంకొకావిడ, "మా వీధికి ఎప్పుడొస్తారు?" అని అడిగింది. చదివి ఏడ్చేశాను. మీ వీధికి నేను ఎప్పుడో వచ్చేశాను, కళ్ళు మూసుకుంటే తెలుస్తుంది అని జవాబిచ్చాను.

అత్తర్ల కంపెనీకి రానని రాసేశాను. జూన్ దాకా ఆగడమెందుకు? రాసి పంపాక మంచమ్మీద వాలితే, కప్పు మీద వీధంతా నిండుగా జనం. నా మనసు తేలిపోతోంది.

నువ్వు చదివావా? నీకేది నచ్చింది? ఆ ఒక్క సంగతీ రాయవు.

జుమానా


అల్-మీనా,
ఏప్రిల్ 22

జుమానా,

కూర్చుని చదువు. కాఫీ పక్కన పెట్టు.

మొన్న అబూ రషాద్ స్వయంగా నాలుగంతస్తులెక్కి వచ్చాడు. పెద్దమనిషిలా కూర్చున్నాడు. నారింజపూలు బట్టీ పెడుతున్న రోజు, ఇల్లంతా ఆ వాసన. మర్యాదకి కాఫీలో రెండు చుక్కలు ఆ పూల పన్నీరు వేసి ఇచ్చాను. తాగి, కప్పు పళ్ళెంలో పెట్టి, "మీ అమ్మాయి పెద్ద మోటారే తెస్తోందట, వదాద్‌గారూ. ఇక మా బక్క లైను మీకెందుకు లెండి" అన్నాడు. అని కిందికి పోయి నా ఫ్యూజు పీకేశాడు.

వీడికి మతి పోయిందనుకుని సుఆద్ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళీ వెళ్ళగానే ఆవిడ, కేబుల్ వేసే కుర్రాళ్ళెప్పుడొస్తారు, గోడకి కన్నం మేమే కొట్టించుకోవాలా అని అడిగింది. అప్పటికి గాని నా బుర్రకి ఎక్కలేదు. పాలకి ఇష్తిరాక్ లేదు, పేపరుకి లేదు. ఈ దేశంలో ఇష్తిరాక్ అంటే ఇంకేముందే? జనరేటరే. ఊరంతా నువ్వు ఉచితంగా కరెంటిస్తున్నావనుకున్నారు. కునుకు అంటే కంపెనీ పేరు, ఫ్యాను కింద హాయిగా కునుకు తీయొచ్చని.

మరి వచ్చిన ఉత్తరాలు చదవలేదా అంటే, చదివారట. దీవులు ఒడ్డుకు జరుగుతాయని రాశావు కదా, అది సముద్రంలో ఆగి ఊరికి కరెంటిచ్చే ఓడట. సర్కారుకి తెలియకుండా గుంభనంగా చెబుతున్నావని మిఠాయి కొట్టు ఆయన అందరికీ విడమరిచి చెప్పాడు. ఆ ఆంపియర్ల ఉత్తరం చూశాక ఇక అనుమానమే లేదట. పైగా మీ వీధికి ఎప్పుడో వచ్చేశానన్నావు. ఆ ఇంటివాళ్ళు మూడు రోజులు కళ్ళు మూసుకునీ తెరిచీ స్విచ్చులు నొక్కుతూ కూర్చున్నారు.

నవ్వొస్తోందా? ఓడెట్‌కి రావడంలేదు. నా మాట నమ్మి అబూ రషాద్ లైను మానేసింది. ఇప్పుడు మళ్ళీ ఇమ్మంటే వేసవి అయ్యేదాకా ఖాళీల్లేవంటున్నాడు. ఫ్రిజ్‌లో ఉన్నదంతా పాడైంది. మెట్ల మీద నన్ను ఆపి నాలుగు కడిగింది. ట్యాంకు గొడవ కూడా మళ్ళీ తవ్వింది. నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడం నా చరిత్రలో అదే మొదలు.

అందరికీ ఉన్నమాట చెప్పేశాను. నాకు చాలా సిగ్గుగా ఉంది తల్లీ. నీకోసమే చేశాను.

పెద్దమ్మ


బేరూత్,
మే 1

పెద్దమ్మకు,

మొన్న గురువారం అందరికీ రాశాను. నేను కరెంటు కాదని, పగటికలల గురించి రాసే మనిషినని, ఆశ పెట్టినందుకు క్షమించమని, వెళ్ళిపోదలచినవాళ్ళు వెళ్ళిపోవడానికి బటన్ ఎక్కడుందో చూపించి మరీ రాశాను. వెళ్ళిపోయారు. తెర ముందు కూర్చుని చూస్తుండగానే సంఖ్య తగ్గుతూ వచ్చింది. వాళ్ళ తప్పేముంది? బేరూత్‌లో కూడా ఆ మాటకు అదే అర్థం. నెలనెలా నేనూ కడుతున్నాను. అయినా బటన్ మీద అది రాసేటప్పుడు నాకు తట్టలేదు. నా ధ్యాసంతా నా మీదే.

ఆ ఆంపియర్ల ప్రశ్నకి నేను రాసిన జవాబు మళ్ళీ చదువుకున్నాను. ఎవరో చీకట్లో కూర్చుని, ఫ్రిజ్ నడుస్తుందా లేదా అని అడిగితే, నేను ఆత్మలోని వెలుతురు గురించి రెండు పేజీలు రాశాను. దాన్ని తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

దుబాయి వాళ్ళకి మళ్ళీ రాశాను. ముందన్నదానికన్నా తక్కువిస్తామన్నారు. సరేనన్నాను. జులైలో వెళ్తాను. 'కునుకు' ఇక రాయను.

ఒక్కమాట అడగాలి, పోయిన ఉత్తరంలోనే అడిగాను, నువ్వు జవాబివ్వలేదు. నా తెర మీద నీ పేరు మొదటి వరసలో ఉంటుంది. నిన్నే మొట్టమొదట చేర్చాను. మొదటి ఉత్తరం తెరిచావు. ఆ తర్వాత ఏడాదిన్నరగా ఒక్కటి కూడా తెరవలేదు. పరాయివాళ్ళు మొహమాటానికి చేరారంటే సరే. నీక్కూడా మొహమాటమేనా? ఊరందరి చేతా నొక్కించావు. నువ్వు మాత్రం ఎందుకు చదవలేదు?

జుమానా


అల్-మీనా,
మే 14

అమ్మా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. అడిగావు కాబట్టి చెబుతాను, కానీ వరసగా చెప్పనీ.

నీ క్షమాపణ వచ్చిన గురువారం ఓడెట్ వెళ్ళిపోయే బటన్ నొక్కలేదు. కోపం అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. నాకూ ఆవిడకీ లైను లేదు, ఉన్నవాళ్ళకి కూడా రెండింటికి ఆగిపోతుంది. ఆ వేళ ఇళ్ళలో ఉడికిపోతామని అందరం కుర్చీలూ చాపలూ తెచ్చుకుని మెట్ల దగ్గర చేరుతున్నాం. చలవరాయి చల్లగా ఉంటుంది, కింది తలుపు తీస్తే సముద్రం గాలి పైకి వస్తుంది. ఓడెట్ తన అంతస్తు ముందు కుర్చీ వేసుకుని, "వినండి, వదాద్ మనకిప్పించిన కరెంటు ఎలా ఉందో" అని ఫోన్ తీసి నీ ఉత్తరాలు చదవడం మొదలుపెట్టింది. నన్ను నలుగురిలో కడిగేయడానికి.

అందరూ నవ్వారు. నువ్వు కప్పు మీద కార్లు నడిపించిన చోట మరీ నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. కాసేపటికి చూస్తే మిఠాయి కొట్టు ఆయన గోడకి ఆనుకుని నిద్రపోతున్నాడు. పదిరోజులుగా పగలు కన్ను మూతపడలేదట ఆయనకి. మర్నాడు రెండు కాగానే తనే వచ్చి, ఓడెట్‌గారూ, ఆ కరెంటేదో కాస్త వెయ్యండి అన్నాడు. అప్పటినుంచి రోజూ ఒక పాత ఉత్తరం. పక్క బిల్డింగు వాళ్ళు కూడా దిళ్ళు పట్టుకుని వస్తున్నారు. చదివేది ఒక్క ఫోన్‌లోనే కాబట్టి నీ తెరకి ఒక్క మనిషే కనిపిస్తుంది. ఉన్నమాట చెప్పాలి, కోపం తెచ్చుకోకు. పూర్తిగా ఎవరూ వినరు. సగంలో ఒకరూ ముప్పావులో ఒకరూ గుర్రు పెడతారు. మెలకువగా ఉండేది ఓడెటూ నేనూ.

నేనెందుకు ఉంటానంటే, భయం. మళ్ళీ నా గురించి ఏం రాశావోనని.

ఐదో తారీకు గురువారం నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. కొత్తది లేదు కాబట్టి అన్నిటికన్నా మొదటిది చదువుతానంది ఓడెట్. నేను లేచిపోదామనుకున్నాను. నా మోకాలు లేవనివ్వలేదు. ఆవిడ చదివేసింది. మా పెద్దమ్మ మధ్యాహ్నం మంచంలో సగమే వాడుకుంటుంది, నిద్రలో పక్కకు తిరిగి, మిత్రీ, కిటికీ వెయ్యి, ఎండ పడుతోంది అంటుంది, పెద్దనాన్న పోయి తొమ్మిదేళ్ళు, కాసేపటికి తనే లేచి కిటికీ వేసి వచ్చి పడుకుని, ఇప్పుడు బావుంది అని ఆయన్ని మెచ్చుకుంటుంది అని రాశావు కదా. అది.

అందుకే చదవలేదు, జుమానా. ఆ మొదటిది తెరిచి అది చూసి ఫోన్ మూసేశాను. అలా మాట్లాడతానని నాకే తెలీదు. నాకు తెలియని నా సంగతి పదిమందికీ పంచావని కోపం. నీతో చెబితే అది నిజమైపోతుందని చెప్పలేదు. నువ్వు ఊరందరి చేతా చదివించమంటే చదివించాను. నేను మాత్రం తెరవలేకపోయాను.

మెట్ల మీద ఎవరూ నవ్వలేదు. ఆ రోజు ఎవరూ నిద్ర కూడా పోలేదు. నేను చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను. ఓడెట్ ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ మొగుడు పోయి ఆరేళ్ళు, నీకు తెలుసు.

"నేను మా ఆయనతో పోట్లాడతాను, వదాద్. నీదే నయం" అంది.

ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే మొదలుపెట్టారు, నిద్రలో ఎవరెవరితో మాట్లాడతారో. నాలుగింటికి మోటారు వచ్చింది, దీపాలు వెలిగాయి. ఎవరూ లేవలేదు.

మొన్న గురువారం కూడా నీ ఉత్తరం రాలేదు. ఓడెట్ తన మోకాళ్ళ నొప్పులతోనే నాలుగో అంతస్తుకొచ్చి తలుపు కొట్టింది. ట్యాంకు గొడవయ్యాక నా గడప తొక్కడం ఇదే. పిల్లకి ఒంట్లో బాగాలేదా, ఎందుకు రాయలేదు అని అడిగింది. దుబాయి వెళ్తోంది, ఇక రాయదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కనుక్కుని చెబుతానన్నాను.

కనుక్కుంటున్నాను. ఏం చెప్పమంటావు?

పెద్దమ్మ


బేరూత్,
మే 18

పెద్దమ్మా,

అత్తర్ల కంపెనీకి రెండోసారి రానని రాశాను. ఇక ఈ జన్మకి నన్ను పిలవరు. పొద్దుటిపూట మందుల కాగితాలు తర్జుమా చేసే పని ఒకటి దొరికింది. దానితో అద్దె గడుస్తుంది, కిబ్బె నువ్వు పంపుతావు.

నిన్ను అడక్కుండా నీ నిద్ర గురించి రాసినందుకు నువ్వు తిట్టకపోవడమే నన్ను బాధపెడుతోంది. వచ్చినప్పుడు తిట్టు. పెద్దనాన్న మంచితనం గురించి రాశాననుకున్నాను, నీకది ఎలా తగులుతుందో ఆలోచించలేదు.

చివరిదాకా ఎవరూ వినలేదని రాశావు. దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో. నేను ఏడాదిన్నరగా అందరూ కళ్ళు తెరిచి చూడాలని రాస్తూ వచ్చాను, ఆ ఉత్తరాల పేరు కునుకు అయ్యుండి. ఎవరైనా నా మాట వింటూ కళ్ళు మూసుకోగలిగితే అంతకన్నా నమ్మకం ఏముంటుంది? ఎంతమంది వస్తున్నారో చెప్పకు. ఓడెట్‌గారిని ఒక్క సాయం అడుగు. ఎవరెవరు ఏ మాట దగ్గర నిద్రలోకి జారారో కాస్త గుర్తుపెట్టుకోమను. అక్కడినుంచి వాళ్ళు ఎక్కడికి వెళ్ళారో లేచాక చెబుతారు కదా. రాబోయేవన్నీ అక్కడినుంచే రాస్తాను.

రేపటి గురువారానిది రాయడం అయిపోయింది. రెండింటికి చేరుతుంది. నీ గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు, ఒట్టు. కాపలా కాయకుండా ఈసారి నువ్వూ పడుకో.

నీ జుమానా